పదకొండు దగ్గర ఆగిన ఈల

నేను ఒక ఇత్తడి ఈలను. ఈల అంటే అరిచే వస్తువని మీరనుకుంటారు. నా అంతట నేను ఒక్క కూత కూయలేను. ఎవరో ఒకరు నోట్లో పెట్టుకుని ఊదాలి. ఊదనంతసేపూ నాకు తెలిసిన సంగతి నా కడుపులోనే కుళ్ళిపోతుంది. ఇది ముందే చెప్పి పెడుతున్నాను. తరవాత "అంతా చూశావు కదా, ఎందుకు అరవలేదు?" అని నన్ను నిలదీయకండి. నన్ను నేనే చాలాసార్లు నిలదీసుకున్నాను.

నా కడుపులో బఠాణీ అంత బెండు గింజ ఉండేది. ఊదినప్పుడు అది గిరగిరా తిరిగి నా గొంతుకి గరగర తెచ్చేది. ఊదకపోయినా ఊరుకునేది కాదు. నన్ను మెళ్ళో వేసుకున్నవాడి గుండె అదిరితే చాలు, అదీ అదిరేది. అందుకే మనుషుల భయం నాకు తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకి కూడా తెలీదు.

పుట్టింది ఇంగ్లండులో, పొగగొట్టాల ఊళ్ళో. నా వీపు మీద నన్ను అమ్మినవాడి పేరు చెక్కి ఉంది. చేసిన మనిషి పేరు లేదు. ఎక్కడైనా అంతే కదా! ఆమె పేరు ఎడిత్. రోజుకి కొన్ని వందల ఈలల్లో గింజ వేసి, ఒక్కొక్కటీ ఊది చూసేది. పలకనివి పది దాటితే మర్నాడు పనిలోకి రావద్దనేవాళ్ళు. నేను తాగిన మొదటి ఊపిరి ఆమెది. వణుకుతున్న ఊపిరి. భయం నాకు పుట్టుకతో అబ్బిందంటే అందుకే.

అక్కణ్ణుంచి ఆల్బన్ పెండ్రెడ్ మెళ్ళోకి వచ్చాను. ఆయన వేసవిలో కౌంటీ జట్టుకి క్రికెట్ కెప్టెన్. మిగతా ఏడాది బడిలో భూగోళం చెప్పే మాస్టారు. సెలవులొస్తే నలుగుర్ని వెంటేసుకుని ఏ మంచు దీవికో, ఏ కొండకో బయల్దేరే నాయకుడు. పేపర్లు ఆయన్ని ధైర్యవంతుడన్నాయి. నేను ఆయన గుండె మీద వేలాడినదాన్ని. నాకు చెప్పొద్దు.

క్రికెట్‌లో కెప్టెన్‌కి ఈలతో పనేమీ లేదు. అయినా నన్ను తాయెత్తులా చొక్కా లోపల వేసుకునే మైదానంలోకి దిగేవాడు. ఆయనకి ఒక అలవాటుండేది. తన జట్టు బంతి వేసే ముందు వేలితో నన్ను ఒకసారి తట్టి "ఒకటి" అనుకునేవాడు. అంటే తను. అక్కణ్ణుంచి చుట్టూ తిరిగి ఒక్కొక్క ఆటగాణ్ణీ చూస్తూ రెండు, మూడు, నాలుగు... పదకొండు రాగానే గట్టిగా ఊపిరి వదిలేవాడు. ఆ వదిలిన ఊపిరితో పాటు నా గింజ కూడా సర్దుకునేది. పదకొండు వచ్చిందంటే లోకంలో అందరూ క్షేమం.

తరవాత ఒక పెద్ద మ్యాచ్ వచ్చింది. దేశం తరఫున ఆడటానికి పన్నెండుమందిని పిలిచారు. అందులో ఈయన పేరుంది. ఆ పొద్దున్న పెవిలియన్ మెట్ల మీద ఎవరో భుజం తట్టి, "ఆల్బన్, నువ్వు పన్నెండోవాడివి" అని చెప్పి వెళ్ళిపోయారు. పన్నెండోవాడంటే మీకు తెలుసు కదా. ఆడడు. గట్టు మీద కూర్చుంటాడు. ఆడేవాళ్ళకి దాహమేస్తే నీళ్ళు మోస్తాడు. మూడు రోజులు నీళ్ళు మోశాడు మా దొర. గ్లాసుల పళ్ళెం పట్టుకుని నడుస్తుంటే ఆయన గుండె సిగ్గుతో కొట్టుకుంటుందనుకున్నాను. కాదు, భయం. ఇక నన్నెవరూ లెక్కలో వెయ్యరేమో అన్న భయం. అదే జరిగింది. మళ్ళీ పిలవలేదు.

ఆ రోజు నుంచి ఆ నోట్లోంచి పన్నెండు అనే అంకె ఊడిపోయింది. గడియారంలో పన్నెండైతే "మిట్టమధ్యాహ్నం" అనేవాడు. తరవాతి రోజుల్లో విశాఖపట్నంలో వంటమనిషి ఎర్రునాయుడు నవ్వేవాడు: "మా బాబుకి డజను గుడ్లు కావాలంటే పదకొండు అట్టుకు రమ్మంటాడు, మళ్ళీ పిలిసి ఇంకోటి తెమ్మంటాడు."

మంచు దీవి మీద తుపానులో ఒకడు తప్పిపోతే నన్ను ఊదీ ఊదీ వెనక్కి రప్పించాడు. ఆ ఊదుడుకి పేరొచ్చింది. "తన మనుషుల్లో ఒక్కణ్ణి కూడా పోగొట్టుకోని నాయకుడు" అని రాశారు. అలాంటి పేరు మోయడం ఎంత కష్టమో! పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికే నిద్ర పడుతుంది. మా దొరకి పట్టేది కాదు.

ఆ పేరు మోసుకునే విశాఖపట్నం వచ్చి, సముద్రం పక్కన ఒక కాలేజీలో మాస్టారయ్యాడు. ఇక్కడి జనం నోట్లో పెండ్రెడ్ కాస్తా పెండ్రి దొర అయ్యాడు. తెలుగు నేర్చుకున్నాడు. కులం అడిగి ఎవరికీ బ్యాటివ్వలేదు. ఆ మాట నిజం, చెప్పకపోతే నేను అబద్ధాలకోరునవుతాను. పిల్లలకి ఆయనంటే ప్రాణం.

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో గాలికొండ ఎక్కి ఎత్తు కొలుద్దామని బయల్దేరాడు. అప్పటికింకా ఆ కొండల మీదికి రైలు లేదు. దొర, అయిదుగురు కాలేజీ కుర్రాళ్ళు, ఎర్రునాయుడు, బరువులు మోసే కొండవాళ్ళు నలుగురు. పదకొండుమంది. సరిగ్గా పదకొండని బయల్దేరేముందు ఎంత మురిసిపోయాడో! ఎక్కడ ఆగినా నన్ను తట్టడం, ఒకటి, రెండు, మూడు, పదకొండు, ఊపిరి వదలడం.

ఆరో రోజు జోడుగెడ్డ అడ్డం వచ్చింది. కొండవాగుని అక్కడ గెడ్డ అంటారు. చూడ్డానికి మోకాలి లోతు. పైన ఎక్కడో వాన పడితే మాత్రం క్షణాల్లో మనిషిని మింగుతుంది. ఎర్రునాయుడు దగ్గర్లోని ఊళ్ళోకి వెళ్ళి ఒక మనిషిని తీసుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, పొట్టిగా, బిగువుగా ఉన్నాడు. భుజాన తాడుకి వేలాడుతూ ఎండిన ఆనపకాయ బుర్ర, దాని నిండా మంచినీళ్ళు.

"బాబూ, ఈడు వంతాల గాసి. ఈ గెడ్డ సంగతి ఈడికి తెలిసినట్టు సేపలక్కూడా తెలీదు."

"నీళ్ళు కావాలేటి దొరా?" అన్నాడు గాసి, బుర్ర దించుతూ.

కుర్రాళ్ళలో భద్రంరాజు అనే వాగుడుకాయ ఒకడున్నాడు. వాడు చప్పట్లు కొట్టాడు. "సార్! మన జట్టుకి పన్నెండోవాడు దొరికాడు! నీళ్ళు కూడా మోసుకొచ్చాడు!"

అందరూ నవ్వారు. దొర నవ్వలేదు. ఆయన గుండె ఒక్కసారి ఎగిరిపడింది, నా గింజ నా గోడకి టక్కున కొట్టుకుంది. "నడవండి" అన్నాడంతే.

ఆ సాయంత్రం లెక్కపెట్టాడు. పదకొండు. గాసి కాస్త ఎడంగా, దారి చూస్తూ ముందు నిలబడి ఉన్నాడు. చూపు అక్కడిదాకా వెళ్ళకముందే అంకె అయిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను పన్నెండు లెక్కపెట్టేదాన్ని, ఆయన పదకొండు దగ్గర ఆగేవాడు. ఏ గొడవా జరగలేదు. తప్పు వల్ల నాలుగు రోజులు గొడవ రాకపోతే దాన్నే పద్ధతంటారు మీ మనుషులు.

కొండ ఎత్తు కొలిచి వెనక్కి వస్తున్నాం. మధ్యాహ్నం మూడయింది. జోడుగెడ్డ రంగు మారింది. ఎర్రగా, నురుగుతో, కిందనుంచి బండలు దొర్లే చప్పుడుతో. దాటక తప్పదు. అవతలి ఒడ్డు నుంచి అరమైలులో ఫారెస్టువాళ్ళ రేకుల షెడ్డుంది.

నడి గెడ్డలో ఏనుగు వీపంత బండ ఒకటి. ఇవతలి ఒడ్డు నుంచి బండదాకా నడుం లోతు, నడవొచ్చు. బండ నుంచి అవతలికే అసలు ప్రమాదం. గాసి ఈది వెళ్ళి అవతల మద్దిచెట్టుకి తాడు ఒక కొస కట్టి, రెండో కొస తెచ్చి తన నడుముకి కట్టుకుని, బండ మీద కూర్చుని కాళ్ళు తన్నిపట్టాడు. మిగతావాళ్ళు ఆ తాడు పట్టుకుని దాటాలి.

"గాసీ, విను" అన్నాడు దొర. "అందరూ దాటాక నేను ఒక పొడుగు ఈల వేస్తాను. అంటే మేం అందరం తాడు పట్టుకున్నాం అని. అప్పుడు నువ్వు నీళ్ళలో దిగు. మేం లాగుతాం. ఈల వినపడకముందు దిగావంటే కొట్టుకుపోయి ఆ కింద రాళ్ళకి తగులుతావు. తెలిసిందా?"

"తెలిసింది దొరా. ఈల ఇనపడకపోతే?"

"వినపడుతుంది."

ఒక్కొక్కరే దాటారు. సగంమంది దాటేసరికి కొండ మీంచి మంచు దిగింది, వెనకాలే వాన. బండ కనపడటం మానేసింది. చివర దాటిన భద్రంరాజు ఒడ్డెక్కుతూ జారి కాలు మడతపెట్టుకున్నాడు. "అమ్మో! సార్! విరిగిపోయింది సార్!" అని ఒకటే కేకలు. ఎర్రునాయుడు వాణ్ణి గోనెబస్తాలా వీపునేసుకున్నాడు. కొండవాళ్ళు బరువులు తడవకుండా పరుగు మొదలెట్టారు. దొర ఒడ్డున నిలబడి వేలితో నన్ను తట్టాడు.

ఒకటి. రెండు. మూడు.

నా గింజ ఎగరడం మొదలెట్టింది. ఆపకు దొరా. ఆపకు.

తొమ్మిది. పది. పదకొండు.

ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి నా మీంచే పోయింది, వెచ్చగా. రెండంగుళాలు కిందికి ఒంగి, అదే ఊపిరి నాలోకి వదిలి ఉంటే చాలు! "అందరూ వచ్చేశారు. పదండి, షెడ్డుకి."

ఒక కుర్రాడు వెనక్కి తిరిగి, "సార్, తాడు?" అన్నాడు.

"తాడు రేపు తెచ్చుకుందాం."

విన్నారా? తాడు గుర్తొచ్చింది. తాడు అవతలి కొసన ఉన్న మనిషి ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఆ అరమైలు నడక నేను చెప్పలేను, అయినా చెబుతాను. అడుగడుక్కీ నేను ఆయన రొమ్ము ఎముకని కొట్టుకుంటూనే ఉన్నాను. ఠక్, ఠక్, ఠక్. నడకకి ఊగుతోందనుకున్నాడు, చేత్తో పట్టుకుని ఆపేశాడు. వేళ్ళ సందుల్లోంచి వాననీళ్ళు నాలోకి దిగాయి. గింజ తడుస్తోంది, ఉబ్బుతోంది. ఎంత దూరం వచ్చినా నాకు బండ కళ్ళకి కట్టినట్టు కనపడుతూనే ఉంది. దాని మీద ఒక మనిషి చెవులు రిక్కించి కూర్చున్నాడు. పాదాల దాకా నీళ్ళు. పిక్కల దాకా. అతనికి వినపడాల్సింది నేను. నేనిక్కడ ఒకడి గుప్పిట్లో, నోరు మూసుకుని.

షెడ్డులో ఎర్రునాయుడు భద్రంరాజుని దించి పొయ్యి రాజేశాడు. గిన్నె పెట్టాడు. వెనక్కి చూడకుండానే చెయ్యి చాపాడు.

"ఒరే గాసీ, బుర్రిలా తే. టీ పడెయ్యాల."

చెయ్యి అలాగే చాచి ఉంది. ఎవరూ ఏమీ అందించలేదు. అప్పుడు తిరిగాడు.

"గాసేడి?"

బరువులవాళ్ళలో ఒకడన్నాడు: "ముందెల్నాడు కాదేటి?"

"ముందున్నది నాను. నా ముందెవుడూ లేడు," అన్నాడు ఇంకొకడు.

"అందరూ ఉన్నారు," అన్నాడు దొర. "నేను లెక్కపెట్టాను. పదకొండు."

ఎర్రునాయుడు ఆయన మొహంలోకి చూశాడు. పద్నాలుగేళ్ళు వండిపెట్టిన మనిషి, ఎన్నడూ అలా చూసి ఎరగడు. "బాబూ... మనం పదకొండు మందిమేటి? మనల్ని దాటించినోడు పన్నెండోవోడు బాబూ!"

  నన్ను పట్టుకున్న దొర గుప్పిలి మంచుగడ్డలా చల్లబడింది.

పరుగు. కుంటివాడొక్కణ్ణి వదిలి అందరూ పరుగు. దొర రెండుసార్లు పడ్డాడు, రెండుసార్లూ నేను ఆయన కింద పడి నలిగాను. ఒడ్డు చేరేసరికి గెడ్డ రెట్టింపయింది. బండ ఎక్కడుందో తెలీదు. తాడు మద్దిచెట్టు నుంచి నీళ్ళలోకి దిగి కనపడకుండా పోయింది. "గాసీ!" అని అరిచారు. నీళ్ళ హోరులో వాళ్ళ అరుపులు పక్కవాడికే వినపడలేదు. అలాంటి హోరుని కోసుకుపోవడానికే నన్ను చేశారు.

దొర నన్ను నోట్లో పెట్టుకున్నాడు.  ఊదాడు.

ఫుస్.

మళ్ళీ ఊదాడు. ఫుస్. గింజ ఉబ్బి నా గొంతుకి అడ్డం పడింది. కళ్ళు పొడుచుకొచ్చేలా ఊదాడు, పళ్ళు బిగించి ఊదాడు. ఆ పళ్ళ గాట్లు ఇప్పటికీ నా మీద ఉన్నాయి, కావాలంటే తడిమి చూడండి. ఇన్నేళ్ళూ అదిరీ అదిరీ ఆపదని పసిగట్టిన నా గుండెకాయ, ఆపద వచ్చేసరికి నా గొంతే నొక్కేసింది.

"ఇలా ఇయ్యండి బాబూ!" ఎర్రునాయుడు అడగలేదు, లాక్కున్నాడు. దొర మెళ్ళో నన్ను కట్టిన తాడు పుటుక్కున తెగింది. మొలలోంచి కూరలు తరిగే చిన్న కత్తి తీసి మొన నా గొంతులోకి దించాడు. తిప్పాడు. గింజ రెండు ముక్కలై బయటపడింది. నొప్పి సంగతి అడగకండి. ఆ మనిషి నన్ను ఒకసారి విదిలించి, నోట్లో పెట్టుకుని, పొయ్యి ఊది ఊది బలిసిన ఊపిరితిత్తుల్తో ఊదాడు.

ఎప్పటి గరగరా లేదు. వణుకు లేదు. ఒకే ఒక్క సన్నని తిన్నని కూత, కంసాలి లాగిన తీగలాగ, ఆ హోరు మధ్యలోంచి వెళ్ళిపోయింది. అది నా గొంతని నేనే గుర్తుపట్టలేదు.

ఏమీ జరగలేదు. మళ్ళీ ఊదాడు. ఇంకా పొడుగ్గా.

మద్దిచెట్టు దగ్గర తాడు కదిలింది. ఒకసారి. తరవాత గట్టిగా, బిగుసుకుని.

"లాగండ్రా!" 

అందరికంటే ముందు తాడు మీద పడింది దొరే. అరచేతుల తోలు ఊడొచ్చినా వదల్లేదు. మొదట నీళ్ళమీద ఆనపకాయ బుర్ర తేలింది, దాన్ని కావలించుకున్న రెండు చేతులు, ఆ తరవాత ఒక తల. నీళ్ళు రొమ్ముదాకా వచ్చాక గాసి బుర్రలోని మంచినీళ్ళు ఒంపేసి, దాని మూతి బిగించి, గడ్డం కింద కట్టుకున్నాడట. ఈల కోసం అలాగే కూర్చున్నాడట.

షెడ్డులో నిప్పు దగ్గర కూర్చోబెట్టి దుప్పట్లు కప్పారు. పళ్ళు టకటకలాడటం తగ్గాక గాసి మొదట అన్న మాట ఇది: "ఈల ఇనపడకపోతే అని నానడిగాను కద దొరా."

దొర నేల మీద కూలబడ్డాడు. చేతులకి చుట్టిన గుడ్డలు నెత్తురవుతున్నాయి. "గాసీ... నేను కూడా ఒకసారి పన్నెండోవాణ్ణే. నన్ను ఆటలోకి రానివ్వలేదు. నీళ్ళు మోశాను. ఆ అంకె నాకు..."

"అయితే మీకు తెలియాల కద బాబూ మరి!" అన్నాడు ఎర్రునాయుడు, టీ గిన్నె దించుతూ.

దొర ఇంకో దుప్పటి తీసి గాసి భుజాల మీద కప్పాడు. 

గాసి దుప్పట్లోంచి చెయ్యి చాచాడు. "ఆ ఈల ఇలా ఇయ్యండి. రేపు ఇంకో గెడ్డుంది. తాడట్టుకున్నోడి కాడే ఈలుండాల. నాను ఊదినాకే మీరు దిగాల."

ఎర్రునాయుడు నన్ను అరచేతిలో పెట్టుకుని దొరవైపు చూశాడు. భద్రంరాజు మూలుగు ఆపేశాడు. నాకు మళ్ళీ భయమేసింది. అదిరేందుకు గింజ లేకపోయినా వేసింది. కాదంటాడేమో. నవ్వేస్తాడేమో. దొర సరేనని తల ఊపాడు.

తెల్లారి బయల్దేరేముందు లెక్క. దొర వేలు అలవాటుగా రొమ్ము మీదికి వెళ్ళింది. అక్కడ నేను లేను. వేలు అక్కణ్ణుంచి తీసి గాసివైపు చూపించాడు. "ఒకటి" అన్నాడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి బరువులవాళ్ళు, ఎర్రునాయుడు, కుర్రాళ్ళు, అందరూ అయ్యాక, పదకొండు దగ్గర ఒకసారి ఆగాడు. ఖాళీ రొమ్ము మీద తట్టుకున్నాడు.

"పన్నెండు."

తరవాత ఆయన ఇంగ్లండు వెళ్ళి పుస్తకం రాశాడట. అందులో జోడుగెడ్డ గురించి "పదకొండుమందిమి క్షేమంగా దాటాము" అని ఉందని భద్రంరాజు ఒకసారి కొండెక్కి వచ్చి చెప్పాడు. పోయినప్పుడు పేపర్లు ఆటగాడు, గురువు, సాహసి, ఒక్కణ్ణి కూడా పోగొట్టుకోనివాడు అని రాశాయట. కాలేజీ అద్దాలబీరువాలో ఆయన ఈల అని ఒకటి పెట్టారట, కింద "ప్రాణం నిలిపినది" అని చీటీతో. అది బజార్లో కొన్నది. దాని మీద పంటిగాట్లు లేవు. గాసి ఆ మాట విని ఉమ్మేసి, "సర్లే" అన్నాడు. ఆ పొద్దున్న మాత్రం దొర నోట్లోంచి పన్నెండు వచ్చింది. నేను విన్నాను. పుస్తకంలో లేకపోతే లేకపోయింది.

నేను గాసి మెళ్ళో ఉండిపోయాను. గాసి కూలికెళ్ళిన ఘాట్‌రోడ్డు పనిలో బండలు పేల్చేటప్పుడు కంట్రాక్టరు తన ఈల వేస్తానన్నాడు. "రాళ్ళు పడేది మా నెత్తి మీద. ఈల మా కాడే ఉండాల," అన్నాడు గాసి. మూడు రోజులు పని ఆగింది. నాలుగో రోజు నుంచి మందు అంటించే ముందు మోగింది నేను.

ఇప్పుడు గాసి మనవరాలి ఇంట్లో మేకుకి వేలాడుతున్నాను. పచ్చగా చిలుము పట్టాను. వాన మొదలైతే చాలు, అదిరే గింజ లేకపోయినా భయం ఎక్కణ్ణుంచో వస్తుంది. గెడ్డ హోరు వినపడుతుంది. ఆ ఇంట్లో ఎవరెవరు వచ్చారో, ఎవరు ఇంకా బయటున్నారో లెక్కపెడతాను. ఆ పిల్ల గడపలో నిలబడి కొండవైపు చూసి, నన్ను మేకు మీంచి తీసి, నోటికి తగిలించుకుని, ఇంకా రానివాళ్ళ కోసం ఊదేదాకా లెక్కపెడుతూనే ఉంటాను.